ఒక బల్ల, రెండు థాంక్స్‌గివింగ్‌లు

అమెరికాలో నవంబరులో వచ్చే కృతజ్ఞతల పండుగ థాంక్స్‌గివింగ్. మా పక్కింట్లో ఆ రోజు భోజనానికి ఒక వరుస ఉంటుంది. ముందు టర్కీ కోడి, దాంతోపాటు బంగాళాదుంపల ముద్ద, బీన్స్ క్యాసరోల్, డబ్బాలోంచి తీసిన క్రాన్‌బెర్రీ సాస్. ఆ సాస్‌ని గరిటెతో కలిపి గిన్నెలో పొయ్యరు. డబ్బా ఆకారం చెడకుండా, రేకు మీదున్న గీతలు కూడా కనబడేలా పళ్ళెంలో పడుకోబెట్టి చాకుతో బిళ్లలు కోస్తారు. మొదటిసారి చూసినప్పుడు ఎర్రజున్నేమో అనుకున్నాను. అన్నిటికీ ఆఖర్న గుమ్మడికాయతో చేసే ‘పై’ అనే తీపి వంటకం వస్తుంది. నేను ఏటా పట్టుకెళ్ళే నిమ్మకాయ పులిహోరకి కూడా ఆ బల్ల మీద చోటు కుదిరిపోయింది. అక్కడ దాని పేరు ‘ఎల్లో రైస్’.

మేముండేది కాన్సస్ రాష్ట్రంలో, కాన్సస్ సిటీకి ఆనుకుని ఉన్న జాన్సన్ కౌంటీలో. 2016 నవంబరు 24న, అంటే ట్రంప్ గెలిచిన అధ్యక్ష ఎన్నికలైన పదహారో రోజున, ఆ బల్ల దగ్గర తొమ్మిదిమందిమి కూర్చున్నాం. పక్కింటి వాళ్ళమ్మాయి షికాగో నుంచి ఎనిమిది గంటలు కారు నడుపుకుంటూ వచ్చింది. గొడవేమీ జరగలేదు. పెద్దాయన టర్కీ కోస్తూ కోస్తూ, “ఇక దేశం గాడిలో పడుతుందిలే” అన్నాడు. కొడుకు నవ్వాడు. ఆ అమ్మాయి ఒళ్ళో ఉన్న రుమాలు తీసి మడతపెట్టి, పళ్ళెం పక్కన పెట్టి, రాత్రిపూట డ్రైవింగ్ కష్టం అంటూ లేచింది. పై ఇంకా ఓవెన్‌లోనే ఉంది. తల్లి పరుగున వెళ్ళి ఉడికీ ఉడకని పైలోంచి ఒక ముక్క కోసి, అల్యూమినియం రేకులో చుట్టి, కారు కదిలేలోపు కిటికీలోంచి అందించింది.

ఆ పూట ముందే లేచిపోయింది ఆ పిల్ల ఒక్కతే కాదని రెండేళ్ళ తర్వాత తెలిసింది. కీత్ చెన్, రైన్ రోల్లా అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2018లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. కోటిమందికి పైగా అమెరికన్ల ఫోన్లు ఎప్పుడు ఎక్కడున్నాయో చూపే సమాచారం తీసుకున్నారు. ఒక ఫోను రాత్రిళ్ళు ఏ పోలింగ్ ప్రాంతంలో పడుకుంటుందో చూసి, ఆ ప్రాంతం ఎటు ఓటేసిందో దాన్నిబట్టి ఆ మనిషి మొగ్గు అంచనా వేశారు. థాంక్స్‌గివింగ్ నాడు ఆ ఫోను ఎవరింటికి వెళ్ళింది, ఎంతసేపుంది అన్నది లెక్కగట్టారు. 2016లో ఎదుటి పార్టీ ప్రాంతంలో భోజనానికి వెళ్ళినవాళ్ళు సుమారు అరగంట నుంచి 50 నిమిషాలు తక్కువసేపు ఉన్నారని తేలింది. ఎన్నికల ప్రకటనలు జోరుగా వచ్చిన ప్రాంతాలవాళ్ళు ఇంకా ముందే లేచారు. అలా రెండు పార్టీలవాళ్ళ మధ్య జరగాల్సిన 3 కోట్ల 40 లక్షల గంటల మాటలు ఆ ఒక్కరోజే జరగకుండా పోయాయని వాళ్ళ అంచనా. (బల్ల మీద బోర్లించి పెట్టిన ఫోను ఇంత చూస్తుందని తెలిస్తే ఆ రోజు ఇంట్లోనే వదిలి వెళ్ళేదాన్ని.)

అరగంట ఏమంత పెద్ద విషయం అనిపించొచ్చు. అయితే భోజనంలో ఆఖరి అరగంటే అసలైనది. కడుపు నిండి, బెల్టులు వదులు చేసుకుని, ఎవరికి ఆపరేషనైంది, ఎవరి ఉద్యోగం ఊడింది, ఎవరు పోయారు అని చెప్పుకునేది పై తింటూనే. ఆ అరగంట పోయిందంటే ఒకరి కష్టం ఇంకొకరికి తెలిసే దారి మూసుకుపోయినట్టే.

అమెరికా రాజకీయ చీలిక గురించి మాట్లాడేటప్పుడు చాలామంది తుపాకులు, గర్భస్రావం, పన్నులు, వలసల జాబితా విప్పుతారు. నాకు మాత్రం ఒక పెళ్లి ప్రశ్న ఎక్కువ చెబుతుంది. మీ బిడ్డ అవతలి పార్టీవాళ్ళని పెళ్లి చేసుకుంటే మీకు కష్టంగా ఉంటుందా అని 1960లో ఒక సర్వేలో అడిగారు. అవునన్నవాళ్ళు రెండు పార్టీల్లోనూ ఐదు శాతానికి మించలేదు. చాలామందికి ఆ ప్రశ్నే వింతగా తోచి ఉంటుంది. అదే ప్రశ్న 2010లో వేస్తే రిపబ్లికన్లలో దాదాపు సగం మంది, డెమోక్రాట్లలో మూడోవంతు మంది అవునన్నారు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో పనిచేసే శాంతో అయ్యంగార్, ఆయన సహచరులు ఈ లెక్కల్ని ముందుపెట్టి, పెరిగింది అభిప్రాయ భేదం కన్నా అయిష్టం అని వాదించారు. అవతలివాడు చెప్పేది తప్పు అనుకోవడం పాతదే. అవతలివాడే తప్పు మనిషి అనుకోవడం కొత్తగా ముదిరింది.

తెలుగువాళ్ళకి దీన్ని వేరే చెప్పక్కర్లేదు. సంబంధం కలుపుకునే దగ్గర ఏ గీత అడ్డొస్తుందో అదే ఆ సమాజంలో అసలు గీత. మన దగ్గర కులం చేసే పనిని ఇక్కడ పార్టీ నేర్చుకుంటోంది. పూర్తిగా అదే అనను. పార్టీ పుట్టుకతో రాదు, మారాలంటే మారొచ్చు. కానీ ఇంటిపేరు వినగానే లెక్కలు వేసుకునే మన అలవాటుకీ, కారు వెనక అంటించిన స్టిక్కర్ చూడగానే వీళ్ళు వేసుకునే లెక్కకీ పెద్ద తేడా నాకు కనబడదు.

మనసులు విడిపోయినంతగా అభిప్రాయాలు విడిపోలేదనడానికి మా రాష్ట్రమే ఒక సాక్ష్యం. 1968 నుంచి ఇప్పటిదాకా అధ్యక్ష ఎన్నికల్లో ఒక్కసారి కూడా కాన్సస్ డెమోక్రాట్లకి దక్కలేదు. అలాంటి చోట 2022 ఆగస్టులో, గర్భస్రావ హక్కు రాష్ట్ర రాజ్యాంగంలో లేదని రాసుకుందామా అని జనాన్నే అడిగితే 59 శాతం మంది వద్దన్నారు. ఆ వేసవిలో మా వీధి పచ్చికల మీద రెండు రకాల బోర్డులూ వెలిశాయి. ఏ ఇంటి ముందు ఏ బోర్డు ఉంటుందో నేను ముందే ఊహించుకుని పెట్టుకున్నాను. మూడిళ్ళ దగ్గర తప్పాను. పార్టీ పేరు తీసేసి విషయం మాత్రమే అడిగితే మనుషులు వేరేలా జవాబిస్తారు.

మరి పార్టీ ఇంత బలంగా ఎలా అంటుకుంది? వెనకటికి రెండు పార్టీల్లోనూ అన్ని రకాల వాళ్ళూ ఉండేవాళ్ళు. నల్లవాళ్ళ మీద వివక్షని నిషేధించిన 1964 పౌరహక్కుల చట్టానికి సెనేట్‌లో 33 మంది రిపబ్లికన్లలో 27 మంది ఓటేశారు, 67 మంది డెమోక్రాట్లలో 46 మంది వేశారు. వ్యతిరేకించిన డెమోక్రాట్లలో ఎక్కువమంది దక్షిణాదివాళ్ళు. ఆ తర్వాత దక్షిణాది తెల్లవాళ్ళు మెల్లగా రిపబ్లికన్ల వైపు, నల్లవాళ్ళు దాదాపు మొత్తంగా డెమోక్రాట్ల వైపు జరిగారు. దాని వెనకే చర్చికి వెళ్ళేవాళ్ళు ఒకవైపు, వెళ్ళనివాళ్ళు ఇంకోవైపు, పల్లె ఒకవైపు, నగరం ఇంకోవైపు, కాలేజీ చదువున్నవాళ్ళు, లేనివాళ్ళు. ఒకప్పుడు అడ్డంగా నిలువుగా అల్లుకుని ఉన్న పోగులన్నీ ఒకే దిక్కున పేరుకున్నాయి. ఇదివరకు పార్టీ వేరైనా ఆదివారం చర్చిలో పక్కపక్కనే కూర్చునేవాళ్ళు. ఇప్పుడు చర్చీ వేరు, పేటా వేరు, చూసే టీవీ కూడా వేరే. రిపబ్లికన్లు చూసే ఫాక్స్ న్యూస్, డెమోక్రాట్లు చూసే ఎంఎస్ఎన్‌బీసీ రెండూ 1996లోనే పుట్టాయి. రిపబ్లికన్లది ఎర్ర రాష్ట్రం, డెమోక్రాట్లది నీలి రాష్ట్రం అన్న మాటలు స్థిరపడింది 2000 ఎన్నికల తర్వాతే. 2016లో సెనేట్ ఎన్నిక జరిగిన ప్రతి రాష్ట్రమూ అధ్యక్ష పదవికి ఎవరికి ఓటేసిందో సెనేట్‌కీ ఆ పార్టీకే వేసింది. ఇక పార్టీలు తమకి కలిసొచ్చేలా గీసుకునే నియోజకవర్గాల గీతలు, పార్టీ అభ్యర్థుల్ని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికల గోల ఉండనే ఉన్నాయి. వాటి గురించి ప్రతి ఎన్నికకీ అందరూ రాస్తారు, నేను రాయక్కర్లేదు.

ఇదంతా చూసి చాలామంది ఇక్కడ ఒక నిట్టూర్పు విడుస్తారు: పాతరోజుల్లో థాంక్స్‌గివింగ్‌కి దేశమంతా ఒక్కటై కూర్చునేదని. ఆ పండుగ చరిత్ర కాస్త తిరగేస్తే నిట్టూర్పు ఆగిపోతుంది. అది పుట్టిందే చీలిక నడిమధ్యలో.

1863 అక్టోబరు 3న అబ్రహాం లింకన్ ఒక ప్రకటన మీద సంతకం పెట్టాడు. రాసింది ఎక్కువగా విదేశాంగమంత్రి విలియం సివార్డ్. నవంబరు ఆఖరి గురువారం దేశమంతా కృతజ్ఞత చెప్పుకునే రోజుగా జరపాలని దాని సారాంశం. సందర్భం చూడండి. బానిసత్వం మీద దేశం ఉత్తరాది, దక్షిణాదిగా రెండు ముక్కలై యుద్ధానికి దిగి రెండేళ్ళు దాటింది. అంతకు మూడు నెలల కిందటే గెట్టిస్‌బర్గ్‌లో మూడు రోజుల్లో రెండువైపులా కలిపి సుమారు 50 వేలమంది చనిపోవడమో, గాయపడడమో, గల్లంతవడమో జరిగింది. ఆ శ్మశానం దగ్గర లింకన్ చేసిన ప్రసంగం నవంబరు 19న. సరిగ్గా వారం తిరగ్గానే, 26న, థాంక్స్‌గివింగ్. లింకన్ ఇంట్లోనూ చావు ఉంది. పదకొండేళ్ళ కొడుకు విల్లీ 1862 ఫిబ్రవరిలో వైట్‌హౌస్‌లోనే జ్వరంతో పోయాడు.

ఆ ప్రకటన పంటలు బాగా పండాయనీ, గనులు ఇబ్బడిముబ్బడిగా ఇచ్చాయనీ మొదలవుతుంది. యుద్ధకాలంలో ఇదేం మాట అనిపిస్తుంది. కిందికి పోతే స్వరం మారుతుంది. కృతజ్ఞతతోపాటు మన జాతి చేసిన తప్పులకి పశ్చాత్తాపపడండి, ఈ యుద్ధంలో భర్తల్ని పోగొట్టుకున్న ఆడవాళ్ళనీ, దిక్కులేనివాళ్ళైన పిల్లల్నీ, శోకంలో ఉన్నవాళ్ళనీ దేవుడికి అప్పజెప్పండి, దేశపు గాయాలు మాన్పమని అడగండి అంటుంది. పండుగ పళ్ళెంలోనే పిండం ముద్ద కూడా పెట్టినట్టుంటుంది. ఇప్పటి టర్కీ, పరేడ్, ఫుట్‌బాల్, మర్నాటి సేల్ కింద ఆ రెండో ముద్ద కనబడకుండా పోయింది.

ఆ రోజు కోసం పట్టుబట్టింది సారా జోసెఫా హేల్ అనే పత్రికా సంపాదకురాలు. 1822లో భర్త పోయేనాటికి ఆవిడకి నలుగురు పిల్లలు, ఐదో బిడ్డ కడుపులో ఉంది. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ నల్లబట్టలే కట్టింది. గవర్నర్లకీ, ఒకరి తర్వాత ఒకరుగా వచ్చిన అధ్యక్షులకీ పదిహేనేళ్ళకి పైగా ఉత్తరాలు రాసింది. రాష్ట్రానికో రోజున జరిగే ఈ పండుగని అందరూ ఒకే రోజు చేసుకుంటే ఉత్తరం దక్షిణం విడిపోవని ఆవిడ నమ్మకం. దక్షిణాదికి ఆ నమ్మకం నచ్చలేదు. బానిసత్వాన్ని ఎదిరించే ఉత్తరాది పాస్టర్లు ఆ రోజు ప్రసంగాల్లో రాజకీయం మాట్లాడతారని వాళ్ళకి గుర్రు. వర్జీనియా గవర్నర్ హెన్రీ వైజ్ 1856లో ఆ పండుగని ఉత్త నాటకమని కొట్టిపారేశాడు. యుద్ధం వచ్చాక దక్షిణాది అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ తమ విజయాలకి కృతజ్ఞతగా 1862 సెప్టెంబరు 18న సొంత థాంక్స్‌గివింగ్ ప్రకటించుకున్నాడు. ఒకళ్ళు చస్తే ఇంకొకళ్ళు అదే దేవుడికి దండం పెట్టుకున్నారన్నమాట. రెండువైపులా చదివేది ఒకే బైబిల్, మొక్కేది ఒకే దేవుడికి అని 1865లో రెండోసారి ప్రమాణం చేస్తూ లింకన్ అన్నది ఇది ఎరిగే.

పండుగ తేదీ మీద కూడా ఈ దేశం చీలింది. 1939లో నవంబరులో ఐదు గురువారాలొచ్చాయి. క్రిస్మస్ కొనుగోళ్ళకి ఒక వారం కలిసొస్తుందని అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ పండుగని వారం ముందుకి జరిపాడు. 23 రాష్ట్రాలు సరేనన్నాయి. 22 రాష్ట్రాలు పాత తేదీ వదిలేది లేదన్నాయి. టెక్సస్ లాంటి మూడు రాష్ట్రాలు ఎందుకొచ్చిన తంటా అని రెండుసార్లూ చేసుకున్నాయి. జనం దానికి ‘ఫ్రాంక్స్‌గివింగ్’ అని పేరు పెట్టి నవ్వుకున్నారు. 1941లో కాంగ్రెస్ చట్టం చేసి నాలుగో గురువారం ఖాయం చేసేదాకా ఆ రచ్చ సాగింది.

ఇక మొదటి థాంక్స్‌గివింగ్ అంటూ బడిపిల్లలకి చెప్పే 1621 నాటి విందు కథ. ఇంగ్లండ్ నుంచి మేఫ్లవర్ ఓడలో వలస వచ్చిన 102 మందిలో సగం మంది మొదటి చలికాలమే దాటలేదు. వాళ్ళు దిగిన చోటు, ఇప్పటి ప్లిమత్, అంతకుముందు పటుక్సెట్ అనే ఆదివాసీల ఊరు. అంతకు కొద్దేళ్ళ ముందే మహమ్మారి వచ్చి ఆ ఊరి జనం తుడిచిపెట్టుకుపోయారు. చచ్చినవాళ్ళ పొలాల్లో, సగం చచ్చి మిగిలినవాళ్ళు పండించిన పంటకి జరిగిన విందు అది. సుమారు 50 మంది వలసదారులు, 90 మంది వాంపనోగ్ తెగ ఆదివాసీలు మూడు రోజులు తిన్నారు. ఆ వాంపనోగ్ నాయకుడు మసాసోయిట్ కొడుకు మెటాకమ్‌ని 1676లో వలసదారులతో జరిగిన యుద్ధంలో చంపి, తల తెచ్చి అదే ప్లిమత్‌లో గుంజకి తగిలించి ఏళ్ళ తరబడి ఉంచారు. 1970లో, ఓడ వచ్చి 350 ఏళ్ళైన సందర్భంగా మాట్లాడమని ఫ్రాంక్ జేమ్స్ అనే వాంపనోగ్ ఆయన్ని పిలిచి, ఆయన రాసుకొచ్చింది చూసి మార్చమన్నారు. ఆయన మార్చనని చెప్పి, ఎదురుగా ఉన్న గుట్టెక్కి సంతాపదినం మొదలుపెట్టాడు. అప్పట్నుంచి ఏటా థాంక్స్‌గివింగ్ నాడే ఆ గుట్ట మీద సంతాప సభ జరుగుతోంది.

మా ఊరి సంగతి చెప్తాను.

2017 ఫిబ్రవరి 22, బుధవారం. మాకు కాస్త దూరంలోనే ఓలేథా అనే ఊళ్ళో, ఆఫీసు అయ్యాక ఇద్దరు తెలుగు ఇంజనీర్లు ఒక బార్‌లో కూర్చున్నారు. టీవీలో కాన్సస్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ మ్యాచ్ నడుస్తోంది. ఒకడొచ్చి మీరు ఏ వీసా మీద ఉన్నారని నిలదీశాడు. బయటికి పంపేస్తే తుపాకీతో తిరిగొచ్చి, నా దేశం విడిచి పొండని అరుస్తూ కాల్చాడు. 32 ఏళ్ళ కూచిభొట్ల శ్రీనివాస్ చనిపోయాడు. స్నేహితుడు గాయపడ్డాడు. కాల్చినవాడు వాళ్ళని ఇరాన్‌వాళ్ళనుకున్నాడు. బల్ల కింద దాక్కున్న ఇయాన్ గ్రిలట్ అనే 24 ఏళ్ళ తెల్ల కుర్రాడు తూటాలు లెక్కపెట్టుకుని, అయిపోయాయనుకుని వాడి వెంటపడ్డాడు. లెక్క ఒకటి తప్పింది. తూటా చేతిలోంచి దూసుకుపోయి ఛాతీలో దిగింది. బతికాడు.

మా ఆయన కూడా ఆ సాయంత్రం స్నేహితులతో బయటే ఉన్నాడు. ఫోను ఎత్తడానికి పట్టిన పది నిమిషాలు నాకింకా గుర్తే. ఆ తర్వాత మా ఇంట్లో ఫోను ఆగలేదు. “ఆ ఊరు మీకెంత దూరమే?” అని అమ్మ, “వచ్చెయ్యండి, ఉన్నది తిని బతుకుదాం” అని మామయ్యగారు. మర్నాడు పొద్దున తలుపు చప్పుడైంది. పక్కింటావిడ, చేతుల్లో అల్యూమినియం రేకు కప్పిన పళ్ళెం. వెనక పెద్దాయన, టోపీ తీసి చేత్తో పట్టుకుని. ఆయన ఓటు ఎవరికి వేశాడో నాకు తెలుసు. ఆ అభ్యర్థి మాటలే ఇలాంటివాళ్ళకి ధైర్యమిచ్చాయని రాత్రంతా తిట్టుకుంటూ ఉన్నాను కూడా. ఆవిడ నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆయన ఏమీ అనలేదు. మా వరండా దీపం వెలగట్లేదని తలెత్తి చూసి వెళ్ళి, మధ్యాహ్నం నిచ్చెన తెచ్చి, మనిషి దగ్గరికొస్తే దానంతటదే వెలిగే దీపం బిగించి పోయాడు.

పెళ్లికి పిలిస్తే వెళ్ళాలి, చావుకి పిలవకపోయినా వెళ్ళాలంటారు మనవాళ్ళు. శ్రీనివాస్ మా చుట్టం కాడు, మేం ఎప్పుడూ చూడను కూడా లేదు. అయినా మా వాళ్ళు పోయారని ఆ దంపతులకి అర్థమైంది, పరామర్శకి వచ్చారు.

తర్వాతి సంగతులు పార్టీల లెక్కలో ఇమడవు. భర్త వీసా మీద ఉన్న శ్రీనివాస్ భార్య సునయన దుమాల, ఆయన పోవడంతోనే ఇక్కడ ఉండే హక్కు పోగొట్టుకుంది. హైదరాబాద్‌లో అంత్యక్రియలు చేసి తిరిగి రావడానికి పూనుకుని సాయం చేసింది కెవిన్ యోడర్, మా ప్రాంతపు రిపబ్లికన్ కాంగ్రెస్ సభ్యుడు. దేశానికింతని గ్రీన్‌కార్డులకి ఉన్న పరిమితి ఎత్తేయాలన్న బిల్లు భుజాన వేసుకున్నదీ ఆయనే. మరుసటేడు ఆయన డెమోక్రాట్ అయిన షరీస్ డేవిడ్స్ చేతిలో ఓడిపోయాడు, ఆవిడ హో-చంక్ తెగ ఆదివాసీ. మా ఇళ్ళల్లో చాలామంది ఒకే నోటితో ఒకరికి థాంక్స్ చెప్పి ఇంకొకరి గెలుపుకి సంబరపడ్డారు. అటు హ్యూస్టన్‌లోని భారతీయులు ఇయాన్‌ని పిలిచి సత్కరించి, ఇల్లు కొనుక్కోమని లక్ష డాలర్లు పోగుచేసి ఇచ్చారు. హంతకుడికి యావజ్జీవ శిక్ష పడింది.

ఆ లక్ష డాలర్ల గురించి నేను చాలా ఆలోచించాను. మన ఇళ్ళలో థాంక్స్ అన్న మాటకి పెద్దగా పని లేదు. కృతజ్ఞతలు, ధన్యవాదాలు వేదిక మీద మైకులో పలికే మాటలు. అన్నం పెట్టిన అమ్మకి థాంక్స్ చెబితే “ఏంట్రా, పరాయిదాన్నా?” అంటుంది. మేలు చేసినవాళ్ళకి మనం రుణపడి ఉంటాం, వాళ్ళ ఉప్పు తిన్నామంటాం. మాటతో చెల్లిపోయేది కాదు, చేతతో తీర్చాల్సిన బాకీ. ఇక్కడ బస్సు దిగుతూ డ్రైవర్‌కీ, తలుపు పట్టుకున్న పిల్లాడికీ థాంక్స్ చెప్తారు. అప్పటికప్పుడు ఖాతా చెల్లు. రెంటిలో ఏది మేలంటే చెప్పలేను. బాకీలో బంధం ఉంటుంది, బరువూ ఉంటుంది. ఎంత పనిచేసినా, ఎన్ని పన్నులు కట్టినా, ఈ దేశానికి రుణపడి ఉన్నావు కాబట్టి నోరెత్తకు అని వలస వచ్చినవాళ్ళ మీద ఆ బరువు వేయడం చూస్తూనే ఉన్నాను. మనవాళ్ళే ఎక్కువ వేస్తారు.

మనవాళ్ళంటే గుర్తొచ్చింది. చీలిక విషయంలో మనం ఎవరి దగ్గరా పాఠాలు నేర్చుకోనక్కర్లేదు. ఇక్కడి తెలుగు సంఘాల్లో తానా ఉండగానే ఆటా వచ్చింది, తర్వాత నాట్స్, నాటా వచ్చాయి, కారణాలు ఇండియా నుంచి సూట్‌కేసుల్లో వచ్చాయి. పశ్చిమ గోదావరి మూలాలున్న ఉషా వాన్స్ రిపబ్లికన్ ఉపాధ్యక్షుడి భార్య. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ మేరీలాండ్‌లో డెమోక్రాట్ లెఫ్టినెంట్ గవర్నర్. ఇద్దరి ఫోటోలూ ఒకే వాట్సాప్ గ్రూపులో మన అమ్మాయే అంటూ తిరుగుతాయి. 2024 ఎన్నికల నాటికి మా గ్రూపు రెండైంది. వంటల గ్రూపు ఒక్కటే చీలకుండా మిగిలింది. అందులోనూ రాజకీయాలొద్దని పైన పిన్ చేసి పెట్టారు.

కోవిడ్ ఈ చీలికని చావు దాకా తీసుకెళ్ళింది. ఈ దేశంలో దానికి 11 లక్షలకు పైగా బలయ్యారు. ఒహాయో, ఫ్లోరిడా రాష్ట్రాల ఓటర్ల జాబితాలని మరణాల నమోదుతో పోల్చి చూసిన ఒక అధ్యయనం 2023లో వచ్చింది. పెద్దలందరికీ టీకాలు అందకముందు, మామూలు కన్నా ఎక్కువగా జరిగిన మరణాల్లో రెండు పార్టీల నమోదిత ఓటర్ల మధ్య పెద్ద తేడా లేదు. టీకాలు అందిన తర్వాత ఆ మరణాలు రిపబ్లికన్లలో ఎక్కువయ్యాయి. బల్ల దగ్గర మాట ఆగిపోతే ఏమవుతుందో ఆ లెక్కలో ఉంది. ఎందుకంటే టీకా వేయించుకోమని నచ్చజెప్పగలిగేది టీవీలో డాక్టరు కాదు, ఎదురుగా కూర్చుని పై తింటున్న కూతురు.

పక్కింటావిడ 2021 సెప్టెంబరులో పోయింది.

చావింటికి వెళ్ళగానే ఎలా జరిగిందని అడగడం మన పరామర్శలో మొదటి మాట. ఆ వారం అదే మాట ఎన్నోసార్లు విన్నాను, ప్రతిసారీ దాని కింద ఇంకో ప్రశ్న ఉంది: టీకా వేయించుకుందా? వేయించుకోలేదని తెలియగానే కొందరి మొహాల్లో జాలి సగానికి తగ్గడం చూశాను. అవతల కొందరు, ఆవిడకి వేరే జబ్బులుండేవని, కోవిడ్ పేరెత్తొద్దని గుసగుసలాడారు. రెండువైపులవాళ్ళూ ఆవిడ చావుని తమ వాదనలోకి లాక్కున్నారు. పోయింది పై ముక్క పట్టుకుని కారు వెంట పరిగెత్తిన మనిషని ఎవరికీ పట్టలేదు. కూతురు సమాధి దగ్గర తమ్ముడితో మాట్లాడలేదు. అమ్మని వద్దని ఆపింది వాడేనని ఆమె నమ్మకం. నిజమేమిటో నాకు తెలియదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే వాషింగ్టన్‌లో, సుజాన్ ఫర్స్టెన్‌బర్గ్ అనే కళాకారిణి నేషనల్ మాల్ పచ్చిక మీద కోవిడ్ మృతుల లెక్కన చిన్న చిన్న తెల్లజెండాలు పాతించింది. 20 ఎకరాలు. తీసేసేనాటికి 7 లక్షలు దాటాయి. ఎవరైనా వచ్చి తమవాళ్ళ పేరు జెండా మీద రాసుకోవచ్చు. జెండాలన్నీ ఒకే ఎత్తు, ఒకే రంగు. పోయినవాడి పార్టీ ఏదో, టీకా వేయించుకున్నాడో లేదో ఏ జెండా చెప్పదు. ప్రభుత్వం పెట్టని సంతాప సభ అది. 1863లో ప్రభుత్వ ప్రకటనలోనే ఉన్న ఆ రెండో ముద్దని ఈసారి ఒక కళాకారిణి పెట్టాల్సి వచ్చింది.

2025లో ఇది ఇంకా ముదిరింది. జూన్‌లో మిన్నెసోటాలో డెమోక్రాట్ శాసనసభ్యురాలు మెలిస్సా హోర్ట్‌మన్‌నీ, ఆవిడ భర్తనీ ఇంట్లోనే కాల్చి చంపారు. సెప్టెంబరులో యూటాలో కాలేజీ పిల్లలతో మాట్లాడుతున్న రిపబ్లికన్ల యువనేత చార్లీ కర్క్‌ని కాల్చి చంపారు. ఒకరికి ఆ రాష్ట్రంలో జెండాలు సగానికి దించారు, ఇంకొకరికి దేశమంతా దించారు. కర్క్ చావు చూసి నవ్వినవాళ్ళున్నారు, ఆ నవ్వుకి ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. నా ఫోనులో ఒక గ్రూపు ఒక పేరుకే ఏడ్చింది, ఇంకో గ్రూపు ఇంకో పేరుకే.

ఇప్పుడు పక్కింట్లో థాంక్స్‌గివింగ్ రెండుసార్లు జరుగుతుంది. కూతురు పన్నెండింటికి వచ్చి మూడున్నరకి వెళ్ళిపోతుంది. కొడుకు ట్రక్కు ఐదింటికి వస్తుంది. తన పార్టీ టోపీ డాష్‌బోర్డు మీద వదిలేసి దిగుతాడు, అది తండ్రి పెట్టిన షరతు. 1939లో టెక్సస్ చేసినట్టు మేం రెండిటికీ వెళ్తాం. నేను పులిహోర కూడా రెండు గిన్నెల్లో కలుపుతాను, మధ్యాహ్నందానికి పచ్చిమిర్చి తగ్గించి, సాయంత్రందానికి పెంచి. కొడుక్కి కారం కావాలి.

పోయిన ఏడాది మూడున్నరకి కూతురు కారు వెళ్ళిపోయాక నేను గిన్నెలు కడుగుతున్నాను. పెద్దాయన బల్ల సర్దుతున్నాడు. క్రాన్‌బెర్రీ సాస్ రెండో డబ్బా తెరిచి, గీతలు చెదరకుండా పళ్ళెంలోకి జార్చాడు. పై సగం మిగిలింది. కోసిన అంచు మీద వేలితో మెల్లగా ఒత్తి సరిచేశాడు, మధ్యాహ్నం ఎవరూ తిననట్టు కనబడాలని కాబోలు. సొరుగులోంచి అల్యూమినియం రేకు తీసి, చింపి, దాని మీద కప్పాడు. తర్వాత గడియారం చూసి, కాఫీ పెట్టమంటావా అని నన్నడిగాడు.